నా వాల్వు, నా ఆకుకూరల ఉపవాసం

ఆ రోజు పొద్దున ప్రార్థనకు మోకరించాను. కళ్ళు మూసుకున్న కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. కింద కొళాయి దగ్గర బకెట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. వినిపించనిది నా ఛాతీలోని చప్పుడు.

నా గుండెలో లోహపు వాల్వు ఉంది. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ ఫీవర్ వల్ల మైట్రల్ వాల్వు పాడైంది. మా అమ్మాయి గ్రేసీ స్కూల్లో చదువుతుండగా ఆపరేషన్ చేసి కొత్తది పెట్టారు. అది మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. గది నిశ్శబ్దంగా ఉంటే పక్కన కూర్చున్నవాళ్ళకూ వినబడుతుంది. మా ఆయన యోహాను పోర్టులో క్రేను నడుపుతారు. ఇంటికి ఎవరొచ్చినా, "మాకు గోడ గడియారం దండగండీ, మా ఆవిడున్నాది కదా" అని నవ్వించేవారు. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు నాకు ఎంత అలవాటైపోయిందంటే, అది ఉందన్న సంగతే మరిచిపోయాను. ఆ పొద్దున అది ఎక్కడో దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు వినబడింది.

ఆయన టీ గ్లాసుతో వచ్చి నన్ను చూశారు.

"ఏటే, అలా కూసుండిపోనావు? ప్రార్థన అవ్వలేదేటి?"

"అయిందండీ" అన్నాను. అంతే చెప్పాను.

అప్పటికి శ్రమల కాలం నడుస్తోంది. ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజులూ ఈ బెంగాలీ ఊళ్ళో మా వాట్‌గంజ్ తెలుగు చర్చి సంఘంలో చాలామంది మాంసం మానేస్తారు, ఒక పూటే తింటారు. ఆ ఏడు మా స్త్రీల కూటంలో సారమ్మక్క ఒక కొత్త మాట తెచ్చింది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక ప్రకృతి వైద్యుడున్నాడు, ఆయన చెప్పినట్టు పచ్చి ఆకుల రసాలతో ఉపవాసం చేస్తే ఒళ్ళు తేలికవుతుంది, మోకాళ్ళ నొప్పులు పోతాయి అని. ఆమెకు సుగర్. ఆమె ముఖంలో కళ చూసి నేనూ వెళ్ళాను. మోకాళ్ళు పట్టేసి ప్రార్థనలో మోకరించడం కష్టమవుతోందని నా బాధ.

ఆ వైద్యుడు మంచిగా మాట్లాడే మనిషి. గోడ నిండా సర్టిఫికెట్లు. హిందీలో "దీదీ, దీదీ" అంటూ నాడి చూశాడు. గుండె ఆపరేషన్ అయిందని చెప్పాను. "ఆకుకూరల కన్నా గుండెకు మంచిది ఏముంది దీదీ?" అన్నాడు. మాత్రలు మానమని ఆయన అనలేదు, నేనూ మానలేదు. పొద్దున గోధుమ గడ్డి రసం, మధ్యాహ్నం పాలకూర, కొత్తిమీర కలిపి రుబ్బిన రసం, సాయంత్రం ఇక్కడివాళ్ళు పుయి శాక్ అనే మన బచ్చలి, ఉప్పు లేకుండా ఉడికించి. ఎంత ఇష్టంగా తాగానో. ఒకే పనిలో ఒళ్ళు బాగవడం, దేవునికి లోబడడం రెండూ కుదిరాయని సంతోషించాను.

నేను బడికి పోలేదు. మా అమ్మ ఇంట్లోనే, ఒళ్ళో బైబిలు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది. వాటితో పాటే ఇంకొకటి కూడా నేర్పింది. ఉపవాసం ఉన్నప్పుడు ఎవరికీ తెలియనివ్వకూడదు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని మామూలుగా తిరగాలి. అది నీకూ దేవునికీ మధ్య సంగతి. నేను ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పేదాన్ని కాదు. వాళ్ళకు వడ్డించి, తర్వాత తింటానని తప్పుకునేదాన్ని.

వాల్వు ఉన్నవాళ్ళం జీవితాంతం బ్లడ్ థిన్నర్ మాత్ర వేసుకోవాలి. లేకపోతే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. రక్తం ఎంత పల్చగా ఉందో చూడడానికి తరచుగా ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించాలి. ఆ నెల నేను పరీక్షకు వెళ్ళకపోతే ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది. "ఖాబార్ సబ్ ఠిక్ ఆఛే తో, దీదీ?" అని అడిగింది, తిండి అంతా మామూలేనా అని. "ఠిక్ ఆఛే" అన్నాను. అబద్ధం చెబుతున్నానని అప్పుడు నాకు తోచనే లేదు. ఉపవాసం సంగతి నర్సుకు చెప్పేదేమిటనుకున్నాను. పండుగ కాగానే పరీక్షకు వస్తానన్నాను.

చప్పుడు తగ్గిన రోజే ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. మెట్లెక్కుతుంటే ఆయాసం. ఆయనతో చెప్పాను.

"శుభం దీదీ" అన్నాడు. "దీన్ని హీలింగ్ క్రైసిస్ అంటారు. లోపలి విషం కదులుతోంది. ఇప్పుడు ఆపితే చేసిందంతా వృథా."

ఆ మాటకు నాకు ధైర్యం రావాలి. రాలేదు. రసం తాగుతూనే ఉన్నాను, భయపడుతూనే ఉన్నాను. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకునేదాన్ని. అయినా గుండె ఆస్పత్రికి పోదామన్న మాట నా నోట రాలేదు. పోతే మళ్ళీ ఛాతీ కోస్తారు. మొదటి ఆపరేషన్ తర్వాత దగ్గినప్పుడల్లా దిండు గుండెకు హత్తుకుని ఏడ్చిన రోజులు నా ఒంటికి ఇంకా గుర్తున్నాయి. ఆ భయం కన్నా ఈ భయమే నయమనుకున్నాను.

పట్టుకున్నది గ్రేసీ. అది సాల్ట్ లేక్‌లో ఐటీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆదివారం ఆరాధనకు వెళ్తుంటే నేను దారిలో రెండుసార్లు ఆగడం చూసింది. ఇంటికి రాగానే నా ఛాతీకి చెవి ఆనించింది.

"అమ్మా, సౌండ్ ఏది?"

గ్రేసీ వంటింట్లోకి పోయి గోధుమ గడ్డి కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "ఇదేంటి? ఎన్ని రోజులుగా?"

మా ఆయన వచ్చి నిలబడ్డారు. నేను చెప్పాను, ఉపవాసమనీ, ఎవరికీ చెప్పకూడదు కదా అనీ.

"డాక్టరుకి తెలిస్తే నీ ఉపవాసం దేవుడు లెక్కెయ్యడేటే?" అన్నారాయన. ఆయన గొంతు పెద్దది, క్రేను మీంచి కిందివాళ్ళతో మాట్లాడే గొంతు. ఆ రోజు మాత్రం అది సన్నగా వచ్చింది.

ఆస్పత్రికి ససేమిరా రానన్నాను. గ్రేసీ "ఠిక్ ఆఛే. నీకు నేచురోపతియే కావాలి కదా? నా నేచురోపతి డాక్టర్ దగ్గరికి పోదాం. నా మెడ నొప్పి తగ్గించింది ఆమే. మన తెలుగావిడ" అంది. దానికి నేను కాదనలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే క్యాబ్‌లో సాల్ట్ లేక్ వెళ్ళాం. ఒక ఆస్పత్రిలో నేచురోపతి విభాగం. తలుపు మీద డాక్టర్ స్రవంతి, బి.ఎన్.వై.ఎస్. అని ప్రకృతి వైద్యం డిగ్రీ, దాని కింద రిజిస్ట్రేషన్ నంబరు. హైదరాబాదులో చదువుకున్న అమ్మాయి, గ్రేసీ కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో.

"అమ్మా, ఏమేం గోలీలు వేసుకుంటున్రు? సంచిల ఉన్నయన్నీ బల్ల మీద పెట్టున్రి" అంది. పెట్టాను. బ్లడ్ థిన్నర్ చీటీ చూసి ఆగింది. "మరి తినేది?"

రసాల సంగతి చెప్పాను. ఆమె రాయడం ఆపేసింది. స్టెతస్కోప్ నా ఛాతీ మీద పెట్టి చాలాసేపు విన్నది. 

"ఆకుకూరలల్ల విటమిన్ కె ఉంటదమ్మా. మీ గోలీ చేసే పనిని అది తిప్పి కొడ్తది. మీరు గోలీ వేసుకున్నా లాభం లేకుండ అయ్యింది. వాల్వు మీద గడ్డ కట్టినట్టుంది. నేను ఏ ట్రీట్‌మెంటూ ఇయ్య. ఇప్పుడే గుండె డాక్టర్ దగ్గరికి పోవాలె."

"నువ్వు కూడా డాక్టరువే కదమ్మా, ఏదైనా..." అన్నాను.

"డాక్టర్‌నే. అందుకే చెప్తున్న."

మా గుండె డాక్టరు నంబరు అడిగి ఆమే ఫోన్ చేసింది. అవతల ఆయన బెంగాలీ పెద్దమనిషి, కోపం ఎక్కువ. నేచురోపతి అనగానే గట్టిగా ఏదో అనడం మాకే వినిపించింది. ఆమె ఓర్చుకుని మొత్తం విని, "సర్, క్లిక్స్ మఫుల్డ్‌గా ఉన్నయ్, ఆర్థాప్నియా ఉంది" అని ఇంగ్లీషు మాటల్లో చెప్పింది, వాల్వు చప్పుడు మందగించిందనీ, పడుకుంటే ఊపిరాడడం లేదనీ. అవతల గొంతు తగ్గింది. "పంపండి, వెంటనే" అన్నాడట. వీల్‌చెయిర్ తెప్పించి కారు దాకా తనే తోసుకొచ్చింది. ఆమెను బట్టి దేవునికి ఇప్పటికీ రోజూ స్తోత్రం చెల్లిస్తాను.

ఎకో తీశారు. ఫ్లోరోస్కోపీ అని, తెర మీద వాల్వు కదలడం చూసే పరీక్ష చేశారు. రెండు రెక్కల్లో ఒకటి ఇరుక్కుపోయింది. డాక్టరు మా ఆయన్నీ గ్రేసీనీ నా మంచం దగ్గరే నిలబెట్టి చెప్పాడు. "క్లాట్ కరిగించే మందు ఇస్తాం. కరగొచ్చు. కరిగేటప్పుడు చిన్న ముక్క మెదడుకు పోతే స్ట్రోక్ రావచ్చు. లేదంటే రెండో ఆపరేషన్. దానిలో రిస్క్ ఇంకా ఎక్కువ."

నాకు బెంగాలీ బాగా వచ్చు. రాకపోతే బాగుండేదనిపించింది.

ఐ.సి.యు.లో డ్రిప్ పెట్టారు. భయమంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదని అక్కడ అర్థమైంది. చచ్చిపోతానని కాదు. దేవుని దగ్గరికి పోతాననే నమ్మకం నాకుంది. బతికి ఉండీ దేనికీ పనికిరాకుండా పోతానేమో అని. మధ్యాహ్నం నర్సు నీళ్ళ గ్లాసు అందిస్తే కుడి చేతి వేళ్ళు పట్టుకోలేదు. గ్లాసు జారిపోయింది. క్షమించమందామనుకున్నాను. నోరు తెరిస్తే మాట కాదు, ఏదో మూలుగు వచ్చింది.

అందరూ పరుగెత్తి వచ్చారు. సి.టి. స్కాన్‌కు తీసుకెళ్తుంటే మనసులోనైనా ప్రార్థన చేద్దామనుకున్నాను. పుట్టినప్పట్నుంచీ చెప్పుకునే ప్రార్థన, మొదటి మాటే దొరకలేదు. వెతికాను. ఎవరి ఇంట్లోనో చీకటిగదిలో తడుముకుంటున్నట్టు ఉంది. అమ్మ నేర్పిన అక్షరాలన్నీ పోయాయి, ఇక ఏ పేరుతో పిలవను అనుకుని బిగుసుకుపోయాను. చివరికి మాటలు లేకుండా ఊరికే ఆయన వైపు చూస్తున్నట్టు పడుకున్నాను. అది ప్రార్థన అవుతుందో లేదో నాకు తెలియదు. ఆ పూట నా దగ్గర అదొక్కటే ఉంది.

చిన్న ముక్కే వెళ్ళిందన్నారు. మందు ఆపి, ఆలోచించి, మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టారు. మర్నాడు సాయంత్రానికి మాటలు ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి, ముద్దగా. మా ఆయన మంచం పక్కన కూర్చుని, "తొందర పడకు. ఇన్నేళ్ళకి నాకు మాటాడే సందు దొరికినాది" అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

"ఊరు...కోండి" అన్నాను. అదే నా మొదటి పూర్తి మాట. ఆయన వార్డులో అందరికీ చెప్పుకొచ్చారు, మా ఆవిడ తిట్టినాది అని.

రెక్క కదిలింది. ఆపరేషన్ అవసరం పడలేదు. డిశ్చార్జి రోజున గుండె డాక్టరు చీటీ రాస్తూ, "డైట్ గురించి ఆ నేచురోపతి అమ్మాయితో మాట్లాడండి. నేనూ మాట్లాడతాను. కానీ మాత్ర సంగతి నాది, ఆమెది కాదు" అన్నాడు. స్రవంతికి చెబితే, "సార్ చెప్పింది కరెక్టే" అంది. ఆకుకూరలు పూర్తిగా మానేయొద్దంది. వారంలో ఎంత తింటే ప్రతి వారం అంతే, పెంచొద్దు, తగ్గించొద్దు. తిండి ఒకలా ఉంటేనే సార్ మాత్ర ఒకలా పనిచేస్తుందంది. మోకాళ్ళకు కొన్ని వ్యాయామాలు, వేడినీళ్ళ కాపడం చెప్పింది.

ఏక్‌బాల్‌పూర్ ఆయన గోడ మీద సర్టిఫికెట్ల గురించి ఆమెను అడిగాను. తమది కాలేజీకి పోయి ఐదేళ్ళకు పైగా చదివే చదువనీ, తర్వాత ఆస్పత్రిలో పనిచేసి నేర్చుకుంటారనీ చెప్పింది. కొన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ గట్టిగా ఉంది, కొన్ని చోట్ల ఇంకా సర్దుకోలేదు. పోస్టులో వచ్చిన కాగితంతో కూడా బోర్డు కట్టేవాళ్ళున్నారు. "మాకు అధికారాలు పెంచమని సర్కారును మేమూ అడుగుతున్నమమ్మా. పెంచున్రి, కానీ ముందు మమ్మల్నీ వాళ్ళనీ వేరు చేసి చూపెట్టున్రి అని నేనంట" అంది.

ఇప్పుడు కుడి చేత్తో అన్నం కలుపుకుంటున్నాను. ఇది కూడా ఆ చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు కొంచెం వంకర. ఐ.ఎన్.ఆర్. పరీక్షకు ఇప్పుడు ఒక్క నెల కూడా తప్పడం లేదు. భయం పోయిందని చెప్పను. భయంతోనే కృతజ్ఞతగా ఉండడం నేర్చుకుంటున్నాను. శ్రమల కాలంలో ఈసారి నా ఉపవాసం ఏమిటో ఇద్దరు డాక్టర్లకూ ముందే చెప్పాను. వాళ్ళిద్దరి మాటా, ఇంట్లోవాళ్ళ మాటా విని, మాంసం మాత్రం మానేశాను.

కిందటి నెల సారమ్మక్క కాలి వేలు నల్లబడుతోందని తెలిసింది. ఇంకా ఆ రసాలే. సుగర్ మాత్రలు సగం చేసిందట. ఆస్పత్రికి రానంటే రానంది. సరే, నేనూ మీతో ఏక్‌బాల్‌పూరే వస్తాను అన్నాను. గ్రేసీ దగ్గర నేర్చుకున్న ఉపాయం.

ఆయన నన్ను గుర్తుపట్టి, "దీదీ, బాగున్నారా?" అన్నాడు. బాగున్నానన్నాను. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి వెళ్ళలేదు.

"మా అక్క సుగర్ డాక్టరు నంబరు ఇది. మీరేం ఇస్తున్నారో, వేలు ఎలా ఉందో, మా ముందే ఆయనకు ఒక్కసారి ఫోన్ చేసి చెప్పండి" అని అడిగాను.

నవ్వాడు. "ఆ డాక్టర్లకు ఇది అర్థం కాదు దీదీ."

ఇంకోసారి అడిగాను. ఫోన్ బల్ల మీదే ఉంది. ఆయన చెయ్యి దాని వైపు పోలేదు. సారమ్మక్క అది చూసింది.

"పదే, ఎల్దుము" అని తనే లేచింది.

నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ప్రకృతి వైద్యం వద్దనను, నాకు ప్రాణం మిగిల్చింది ఒక ప్రకృతి వైద్యురాలే. మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా, మీ పాత డాక్టరుకు మీ ముందే ఫోన్ చేయమని అడగండి. చేయకపోతే లేచి వచ్చేయండి.