గుట్ట మీది దొడ్డిలో అత్తమ్మ గొంతు

మా అత్తమ్మ మొన్న శుక్రవారం పొద్దున దవాఖానలో కన్నుమూసింది. మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. ఆ వెంటే "మేకల్ని ఇడిసినవా?" అని అడిగాడు. రోజూ పొద్దున అత్తమ్మ నన్ను అడిగే మాట అది.

ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఆమె గురించి ఎవరికైనా చెప్పాలనిపించింది.

తెల్లాపూర్ దగ్గర మా ఇంటి వెనక చిన్న గుట్ట ఉంది. దాని మీద గుండ్రంగా పాత రాతిగోడ. ఏ కాలం వాళ్లు కట్టారో, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చారు. అత్తమ్మ కాపురానికి వచ్చేనాటికే అది మేకల దొడ్డి. లోపలికి వెళ్లినప్పుడల్లా జారిన రాయి ఒకటి తీసి గోడ మీద పెట్టేది. "కట్టినోళ్లకు మనమెవరమో ఎరుకనా? అయినా మన మేకల కాపాడుతున్నరు" అనేది.

సాయంత్రం గోడ పక్కన నిలబడి "దా... దా..." అని పిలిచేది. గుట్ట చుట్టూ మేస్తున్న మేకలన్నీ లోపలికి వచ్చేవి. బయటే ఉండిపోతే కుక్కలు మేకపిల్లల్ని బతకనివ్వవు. అన్నీ వచ్చాక ముళ్లకంపతో దారి మూసి దిగేది.

ఆమెకు మోకాళ్లు నొప్పి పెట్టిన రోజు నన్ను పంపేది. గుట్టకు ఎదురుగా పెద్ద అపార్ట్‌మెంట్లు, బాల్కనీల నిండా మనుషులు. మేకల కోసం అరుస్తుంటే అందరూ చూస్తారని నాకు గొంతు పెగిలేది కాదు. ఒకరోజు ఆమె పిలుస్తుంటే దొంగచాటుగా ఫోన్లో రికార్డు చేసుకున్నాను. తర్వాత నా వంతు వచ్చినప్పుడల్లా గోడ చాటున కూర్చుని అదే పెట్టేదాన్ని. మేకలు వచ్చేవి.

ఆమెకు తెలిసిపోయింది. తిడుతుందనుకున్నాను.

"నా మోకాళ్లు ఇంట్ల, నా గొంతు గుట్ట మీద. మంచిగనే ఉన్నది పిల్లా" అని నవ్వింది. తర్వాత మెల్లగా, "గని నువ్వు గూడ పిల్వు బిడ్డా. వాటికి నీ గొంతు ఎరుక గావాలె" అంది.

"రేపు పిలుస్త అత్తమ్మా" అన్నాను. తర్వాత ఎన్నిసార్లు అడిగినా నాది అదే మాట.

ఆడబిడ్డ సోలాపూర్ నుంచి రావాలని శుక్రవారం సాయంత్రం అత్తమ్మను వాకిట్లోనే ఉంచారు. "మేకలు బయటనే ఉన్నయి" అని ఎవరో అన్నారు. ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య నుంచి లేచి గుట్ట ఎక్కాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది కానీ పిలుపు రాలేదు. చీకటి పడుతోంది. ఫోన్ తీసి ఆమె గొంతే పెట్టాను.

నన్ను వెతుక్కుంటూ దారి ఎక్కుతున్న మా ఆయన అది విన్నాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే గోడ చాటున నేను, నా చేతిలో ఫోన్.

"అమ్మ అనుకున్న" అన్నాడు. గోడకు తల ఆనించి నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. తాను పోయిన రోజు కూడా మేకల్ని దొడ్డికి తోలింది ఆమే, నేను కాదు.

మర్నాడు అత్తమ్మను మట్టి చేసి వచ్చాక ఫోన్ ఇంట్లో పెట్టి గుట్ట ఎక్కాను. జారిన రాయి ఒకటి తీసి గోడ మీద పెట్టి, ఆమె నిలబడే చోటే నిలబడ్డాను. నోరు తెరిస్తే మొదట గాలే వచ్చింది. తర్వాత గొంతు పలికింది. బాల్కనీల వైపు చూడలేదు.

మేకలు ఒక్కొక్కటే వచ్చాయి. ముసలి నల్లమేక మాత్రం లోపలికి అడుగుపెట్టకుండా ఆగింది. నన్ను దాటి, ఆమె ఎక్కి వచ్చే దారి వైపు చూస్తూ ఉండిపోయింది. ముళ్లకంప చేత్తో పట్టుకుని దానితో పాటు నేనూ నిలబడ్డాను.