కృపాదానం సారు మగచేప

మెదక్‌లో పెళ్లయిన మగవాళ్లెవరూ కృపాదానం సారు కంటికి ఆనరు. కారణం ఆయన ముందుగదిలో, ఉప్పునీటి గాజుతొట్టిలో ఉన్న మగచేప. నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేపల జంట అది. ఆడది పెద్దది, పొగరుబోతు. చిన్నదైన మగచేప తొట్టిలో బోర్లించిన మట్టికుండను నోటితో గీకి శుభ్రం చేస్తుంది. ఆడది దానిమీద గుడ్లు పెట్టి తన దారిన పోతే, మగది పిల్లలయ్యేదాకా రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. రిటైరైన ఈ డ్రాయింగు మాస్టారికి ఇంతకన్నా ఆదర్శపురుషుడు దొరకలేదు.

చర్చిలో మేనకోడలు క్రిస్టినా పెళ్లయ్యాక అందరూ దీవిస్తుంటే, ఈయన పెళ్లికొడుకును ఎగాదిగా చూసి, "మా చేపకున్నదాంట్ల సగం తెలివున్నా సంసారం నడుస్తది. ఉన్నట్టు కనిపిస్తలేదు," అన్నాడు. ఆ అల్లుడు మళ్లీ సారు వీధి తొక్కలేదు.

ఈ గొప్పలు వింటే ఆయన భార్య రోజీకి ఒళ్లు మండేది.

"చేప గుడ్లకాడికెల్లి కదలదంటవు. నువ్వు కుర్చీలకెల్లి ఎన్నడన్న కదిలినవా?"

"నేను మంచి మొగుణ్ణని ఎప్పుడన్న చెప్పిన్నా?" అనేవాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

అందరికన్నా ఎక్కువ తిట్లు కింది వాటాలో అద్దెకున్న అభిలాష్‌కు. భార్య సృజన పసిపిల్లను చంకనేసుకొని వంట చేస్తుంటే, అతను గడపమీద ఫోను చూస్తూ కూర్చునేవాడు. సారు మేడమీంచి వంగి, "చూడు రోజీ, గిది మగచేప గాదు, ఎండుచేప," అనేవాడు, అతనికి వినబడేలా.

ఒక వేసవి సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. అప్పటికి కుండమీది గుడ్లు వెండిరంగుకు తిరిగి, నలుసుల్లాంటి కళ్లు కనబడుతున్నాయి. తొట్టిలో గాలిబుడగలు ఆగకుండా సారు ఇన్వర్టరు పెట్టుకున్నాడు గనక నిశ్చింతగానే ఉన్నాడు. ఇంతలో అభిలాష్ తడిసి ముద్దయి పైకి వచ్చాడు.

"సార్, పాపకు దమ్ము వస్తుంది. డాక్టర్ రాసిన ఆవిరి మిషన్ పెడ్దామంటే కరెంటు లేదు. తొవ్వల చెట్లు పడ్డయట, ఆటోవాళ్లు దవాఖానకు వస్తలేరు."

ఇన్వర్టరు బ్యాటరీ పాతది, రెండు పనులకు ఆగదు. రోజీ భర్తవైపు చూసేలోగా ఆయన వంగి తొట్టి తీగ పీకేశాడు. బుడగలు ఆగిపోయాయి.

"నిలబడి చూస్తవేంది? తల్లిని, పిల్లను తోల్కరా. మిషన్ మర్చిపోకు. ఎండుచేప నయం, కూరకైన పనికొస్తది."

పాప ఆవిరి పీల్చి, ఆయాసం తగ్గి, తండ్రి భుజంమీదే నిద్రపోయింది. బ్యాటరీ కూడా అయిపోయింది. వాళ్లు దిగిపోగానే సారు మగ్గుతో తొట్టినీళ్లు ముంచి పైనుంచి పోయసాగాడు.

"నీళ్లకు గాలి తగలాలె. నువ్వు సుత ఓ చెంబు పట్టు," అన్నాడు. రోజీ పట్టింది.

కరెంటు వచ్చాక చూస్తే కుండ నున్నగా ఉంది. బెదిరిపోయిన ఆదర్శపురుషుడు గుడ్లన్నీ తానే మింగేశాడు. ఇన్నేళ్ల కసి తీర్చుకోవడానికి రోజీకి ఇంతకన్నా మంచి అదును రాదు. కానీ ఆయన మొహం చూసి, ఆమె చెంబు తీసుకొని వంటింట్లోకి పోయింది.

పొద్దున్నే అభిలాష్ పాపతో వచ్చాడు. "ఇప్పుడు మంచిగనే ఉంది సార్. మా వల్ల మీ గుడ్లు ఖరాబైనయా?"

సారు తొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎందుకైతయి? పిల్లలు సుత అయినయి. మావాణ్ని నీ లెక్క అనుకున్నవా?"

"పాపకు ఒక్కసారి చూపిస్త సార్."

"వద్దు. దిష్టి తగుల్తది. పోయి నీ పెండ్లానికి చాయ్ పెట్టియ్యి."

అభిలాష్ తేలికపడి దిగిపోయాడు. కాసేపటికి కిందినుంచి అతని గొంతు వినబడింది. "సృజనా, చక్కెర ఏ డబ్బాల ఉంటది?"

"చక్కెర డబ్బా సుత తెల్వదు వానికి," అన్నాడు సారు ఏవగింపుగా.

"మనింట్ల ఏ డబ్బాల ఉంటది?" అని అడిగింది రోజీ.

ఆయన గబుక్కున తొట్టివైపు తిరిగి, మగచేపను తిట్టడం మొదలుపెట్టాడు.