పడుగు పాటలో ఆ రెండు దెబ్బలు

పెద్దలకు, పిన్నలకు, సంగీత విద్వాంసులకు ముందే సాష్టాంగ క్షమాపణలు. సంతాపం రాసే అర్హత నాకు లేదు. తెలుగు చదవడం రాని మనోళ్ళకు ఎవరైనా చదివి వినిపించండి, పాపం వాళ్ళనెందుకు వదిలిపెట్టాల?

నిన్న పొద్దున వేలూరు బస్టాండులో ఉంటే చెల్లెలు ఫోన్ చేసింది.

"చెంగల్రాయ మామ పోయినాడన్నా."

"యాడికి?" అన్నా.

అవతల ఏడుపు.

టీ గ్లాసు అక్కడే పెట్టేసి గుడియాత్తం బస్సెక్కినా.

తెలీనోళ్ళకు చెప్తా. గుడియాత్తంలో మామ పగలు లుంగీలు నేసేవాడు, మగ్గం తొక్కతానే పాటలు కట్టేవాడు. పాట కుదిరిన రోజు లుంగీ ఒక మూర తగ్గేది.

ఇరవై మంది నేతోళ్ళం ఆయన కోరస్. తమిళ బడుల్లో చదివినోళ్ళం, మాలో సగం మందికి తెలుగు అక్షరం రాదు. అందుకని అట్ట మీద రంగు దారాలు అంటించి నేర్పినాడు. ఎర్రది ఆడోళ్ళకు, నీలం మొగోళ్ళకు. తెల్లది ఉన్నంతసేపు మొగోళ్ళు నోరు మూసుకోవాల.

నాకు ఎప్పుడూ కష్టమైన రంగు తెల్లదే.

నేను కాలేజీలో ఉన్నప్పుడు వేలూరులో స్టేజి దొరికింది. మద్రాసు నుంచి క్యాసెట్ కంపెనీ ఆయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఒక్క పాట వింటాడు. నచ్చితే రికార్డింగ్. లేదంటే లేదు.

అప్పటికే పవర్‌లూములొచ్చి మగ్గాలు ఆగిపోతా ఉండాయి. కోరస్‌లో ముగ్గురు తిరుప్పూరు పోయినారు, ఇంకో నలుగురు మూట కడతా ఉండారు.

"మనం చెదిరిపోయినా పాట ఒకచోట ఉండాల నాయనా" అన్నాడు మామ.

ఆయన కట్టిన పడుగు పాట ఎత్తుకున్నాం. మొదటి చరణం. ఆడోళ్ళు ఇంకా ముగించలేదు. మాకు తెల్లదారం.

తాళం రెండు దెబ్బలు ముందే నేను అందుకున్నా. గట్టిగా.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. క్యాసెట్ ఆయన పెన్నుకు మూత పెట్టేసినాడు.

మామ నన్ను చూసినాడు. తిట్టే చూపు కాదు. పోగు తెగితే మగ్గం మీదికి వంగి వెతుకుతాడే, ఆ చూపు.

రెండో చరణం. అదే చోటు.

మామ వేలు నా వైపు లేచింది.

రా అంటాండాడు. రెండు దెబ్బలు ముందే!

 అందుకున్నా.

మూడో చరణానికి మొగోళ్ళందరినీ అట్లే పిలిచినాడు. ఆడోళ్ళ గొంతు ఆగకముందే మా గొంతులు వచ్చి కలిసినాయి.

క్యాసెట్ ఆయన పెన్ను మూత తీసినాడు.

బయటికొచ్చినాక మామ అన్నాడు, "తప్పు పోగు ఒకసారి పడితే తప్పే. అదే చోట మూడుసార్లు వేసినామనుకో, డిజైన్ అని కొనుక్కుంటారు రా."

ఆమీద నా భుజం పట్టుకుని మెల్లగా అడిగినాడు. "భయపడితివా నాయనా?"

"అవును మామా."

క్యాసెట్ వచ్చింది. ఇప్పటికీ ఆ చోటు రాంగానే జనం మామ బుర్రను మెచ్చుకుంటారు. నిన్న పాడె ముందర కూడా అట్లే పాడినాం.

పోయి రా మామా. నీ గొంతుకు, నీ కాళ్ళకు ఇంక చల్లగా విశ్రాంతి దొరకాల.

ఒక్కటి చెప్పి ఆపేస్తా.

ఆ రోజు నేను భయపడలేదు. వెనక బెంచీలో ఉన్న మా కాలేజీ గ్యాంగును నవ్విస్తానని పందెం కట్టి, కావాలనే ముందు ఎత్తుకున్నా.