ప్రాబబ్లీకి నేను చెప్పిన అర్థం

పందొమ్మిది వందల ముప్పైలలో నేను ఏలూరులో ఇంగ్లీషు మేష్టర్ని. బి.ఏ. పాసై ఏడాదైనా కాలేదు గనక నాకు తెలియని మాట ఆ భాషలో లేదనే నమ్మకంతో ఉండేవాణ్ణి. ఆ నమ్మకం నాకుంటే ఎవరికీ నష్టం లేదు. ఒక కొల్లేటి ఒడ్డు రైతుకు కూడా కలగడంతోనే చిక్కు వచ్చింది.

ఆయన మా నాన్నగారికి తెలిసిన పెద్దమనిషి. ఉప్పుటేరు పూడిపోవడంతో వానాకాలం కొల్లేరు నీళ్ళు సముద్రంలోకి పోలేక ఆయన పల్లపు చేలల్లో నిలిచిపోయేవి. పూడిక తీయించమని ఊరివాళ్ళు ఏటా అర్జీ పెట్టుకునేవారు. ఆ వేసవిలో ఏ దొరకు దయ కలిగిందో గానీ జవాబు వచ్చింది. ఒకే వాక్యం, అదీ ఇంగ్లీషులో. దాన్ని పంచె కొంగున కట్టుకుని, భార్యను వెంటబెట్టుకుని, భీమడోలులో రైలెక్కి మా ఇంటికొచ్చారు.

వానలకు ముందే పూడికతీత ‘ప్రాబబ్లీ’ పూర్తవుతుందని అందులో ఉంది. బహుశా పూర్తవుతుందని అర్థం చెప్పాను. అక్కడితో ఊరుకుంటే ఇక బి.ఏ. ఎందుకు?

ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చునని ఆయన అడిగారు. లావుపాటి నిఘంటువు దించాను. దాని పుట్టుక లాటిన్‌లో ఉందనీ, ఆ మూలానికి పరీక్షించి చూడడమని అర్థమనీ, రుజువును చెప్పే ‘ప్రూఫ్’ దానికి తోబుట్టువనీ, పూర్వం పరీక్షకు నిలిచే మాటనే అలా అనేవారనీ అరగంట ఉపన్యసించాను. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. రుజువు అన్న ఒక్క ముక్క మాత్రం పట్టుకున్నారు.

గుమ్మం పక్కన నిలబడ్డ ఆయన భార్య అడిగింది: “ఇంతకీ తవ్వుతారాండీ, తవ్వరాండీ?”

పాపం, చదువుకోలేదు గదా అని జాలిపడి, అది భాషకు సంబంధించిన ప్రశ్న కాదన్నాను.

ఆయన ఊరెళ్ళి, సర్కారువారు రుజువుతో సహా మాటిచ్చారని చెప్పి పల్లం చేలన్నీ నాటించారు. ఆవిడ మాత్రం పోట్లాడి నాలుగు బస్తాల విత్తనాలు గాదెలో దాచింది. చదువుకున్నవాడు చెప్పినా నమ్మని మనిషని ఆయన పదిమందిలో విసుక్కున్నారట.

తవ్వేవాళ్ళకు బదులు గొలుసు పట్టుకుని ఇద్దరొచ్చి, ఏటి గట్టు కొలిచి, కొబ్బరిబొండాలు తాగి వెళ్ళారు. శ్రావణంలో నీళ్ళెక్కాయి. పది రోజులకు నాట్లన్నీ కుళ్ళిపోయాయి.

కబురు తెలిశాక, రైలు దిగి ఆయన ఎదురవుతారేమోనని నేను స్టేషను రోడ్డు మొహం చూడలేదు. ఆయనే మా ఇంటికొచ్చారు. పాత అర్థం వేరు, ఇప్పటి వాడుక వేరు అని నేను మొదలుపెట్టాను. మొదటి రోజే చెప్పవలసిన సంగతి అది. ఆయన అది వినిపించుకోకుండా, భార్య దాచిన విత్తనాలతో మెరకమీద మళ్ళీ నారు పోశామనీ, సగం పంటైనా దక్కుతుందనీ చెప్పి, ఇంకో అర్జీ రాసిపెట్టమన్నారు.

నేను కలం తీయగానే ఆపారు. “తెలుగులో రాయండి మేష్టారూ. అర్థం కాకపోతే వాళ్ళే ఎవర్నైనా అడుక్కుంటారండీ.”

అలాగే రాశాను. దానికి జవాబు మరుసటి వేసవిలో వచ్చింది, మళ్ళీ ఇంగ్లీషులోనే. ఈసారి నా దాకా తేలేదు. భీమడోలు స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమాస్తా చేత చదివించుకున్నారని తరవాత తెలిసింది.