పోగు తెగని జానెడు

పిల్‌సూన్‌కి అరవై తొమ్మిదేళ్లు. హన్సాన్ ఊళ్లో మోసి అనే నారబట్ట నేసేవాళ్లందరిలోకీ ఆమెకి నోరు ఎక్కువని పేరు. ఆమె పనిని మాత్రం వేలెత్తి చూపినవాళ్లు లేరు. నారను పళ్లతో చీల్చీ చీల్చీ ముందు పళ్లలో రెండు గాట్లు పడ్డాయి. వాటిని చూసి మనవరాలు నవ్వితే, "ఇవి పడబట్టే మీ అమ్మ బడికెళ్లింది, నోర్ముయ్" అంటుంది.

పంతొమ్మిదో ఏట కోడలిగా వచ్చిన మొదటి వేసవిలోనే ఆమెకి ఈ నేత మీద ఒళ్లు మండింది. మగ్గం గది సగం నేలలోకి తవ్వి ఉండేది. తలుపులు బిగించి, నేల మీద నీళ్లు చల్లి కూర్చుంటే చెమట మడమల దాకా కారేది. ఒకరోజు అత్తగారు పొలానికి వెళ్లగానే కిటికీ తెరిచింది. ప్రాణం లేచొచ్చింది. గంట తిరక్కుండా మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు పోగులు నాలుగు తెగాయి. అత్తగారు తిరిగొచ్చి, పోగును అటూ ఇటూ విసిరే నాడెతో మోకాలి మీద ఒక్కటిచ్చి, తెగిన పోగు చేతిలో పెట్టింది.

"వంచు."

వంచితే టక్కున విరిగింది. ఆవిడ ఇంకో ముక్కను నోట్లో తడిపి ఇచ్చింది. అది బుద్ధిగా వేలికి చుట్టుకుంది.

"ఒక్క పోగులో సన్నటి పీచులు బోలెడుంటాయే. తడి ఉంటే ఒకదాని మీద ఒకటి కాస్త జారతాయి, దేనికది వంగుద్ది. ఆరిపోయిందా, గంజికి ఒకదాన్నొకటి కరుచుకుని పుల్లయిపోతాయి. పుల్లనెవడు వంచుతాడు? ఈసారి కిటికీ తెరిచావంటే ఆ గాలితో పాటే పుట్టింటికి పో."

యాభై ఏళ్లుగా పిల్‌సూన్ ఆ కిటికీ జోలికి పోలేదు.

జిల్లావాళ్లిచ్చే నేతగురువు బిరుదు ఆమెకి కావాలి. పట్టుబట్టి మరీ కావాలి. అది ఉన్నవాళ్లే నేతబడిలో కొత్తవాళ్లకి నేర్పాలని నియమం. ఇప్పుడక్కడ ఏసీ వేసుకుని, ఆ పొడి గాలికి తెగిన పోగుల్ని ముడెయ్యడమే పాఠంగా చెబుతున్నారు. నిరుడు ఆమె పరీక్షకు వెళ్లి, పరీక్ష పెట్టే పెద్దమనుషుల మాట కాదనలేక చల్లటి హాల్లోనే నేసింది. పదకొండు పోగులు తెగాయి. 'వయసు వల్ల చేతి పట్టు తగ్గింది' అని వాళ్లలో ఒకడైన ప్రొఫెసర్ రాశాడు. ఆ ముక్క ఏడాది పొడుగునా ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఈ జులైలో మళ్లీ వెళ్లింది. పడుగును తడిగుడ్డలో చుట్టి తెచ్చి మగ్గానికి ఎక్కించింది. తర్వాత తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి ఏసీ ఆపింది. కిటికీలు మూసి, కెటిల్‌తో నేలంతా నీళ్లు పోసింది. జిల్లా ఆఫీసు గుమాస్తా సూహ్యొక్ పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మగారూ, అది ఆపకూడదండీ. ఇరవై నాలుగు డిగ్రీలని కాగితంలో ఉంది."

"అయితే కాగితాన్నే నెయ్యమను."

"మరి మేమెలా కూర్చోవాలమ్మా?" అన్నాడు ప్రొఫెసర్.

"నేనెలా కూర్చుంటానో అలాగే సారూ. కోటు తీసెయ్యండి, ఎవరూ ఏమనుకోరు."

అరగంట ఆగి, గదికి ఉక్క పట్టాక నాడె విసిరింది. నెయ్యాల్సింది జానెడు. ప్రొఫెసరూ, మ్యూజియం నుంచి వచ్చిన ఆవిడా, ఒక దర్జీ పెద్దాయనా, ఈ ముగ్గురు పరీక్షకులూ చివరిదాకా చూడాలని నియమం. మ్యూజియం ఆవిడ ఇరవై నిమిషాలకి విసురుకుంటూ బయటికి పోయింది. ఆమె వెనకే దర్జీ పెద్దాయన. ప్రొఫెసర్ కాసేపు బింకంగా కూర్చుని, కళ్లద్దాలకి ఆవిరి పట్టాక ఫోన్ వచ్చిందంటూ లేచాడు. ఖాళీ కుర్చీలు చూసి పిల్‌సూన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఈ పడుగు కోసం శీతాకాలమంతా నార చీల్చి, తొడ మీద పేని, అతుకులేసింది. అయినా చెయ్యి ఆపలేదు. పోగులు పొందికగా, మెత్తగా లేచి దిగుతున్నాయి.

జానెడూ అయ్యాక ముగ్గురూ లోపలికొచ్చారు. తెగిన పోగు అతికితే ముడి బట్టలో మిగిలి తీరుతుంది. ప్రొఫెసర్ వేళ్లతో రెండుసార్లు తడిమాడు. ఒక్క ముడి కూడా తగల్లేదు.

"ఇలాంటి నేత నేను చూళ్లేదమ్మా."

"ఎలా చూస్తారు, బయటున్నారుగా."

ఆయన సిగ్గుపడ్డాడు. చెడ్డవాడేం కాదు. "ముగ్గురం చూశామని రాయాలి కదా. ఏసీ వేసుకుని కూర్చుంటాం. ఇంకో పది వరసలు నెయ్యండి, చాలు. ఒకటీ అరా తెగినా మేం లెక్కలోకి తీసుకోం. బిరుదు మీదే."

సూహ్యొక్ అప్పటికే రిమోట్ అందుకున్నాడు. పది వరసలంటే అయిదు నిమిషాల పని. బిరుదు అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఆమె చెయ్యి నాడె మీదికి వెళ్లింది కూడా.

"మీరు లెక్కలోకి తీసుకోరు సారూ," అంది. "రేపు నా దగ్గర నేర్చుకునే పిల్ల తీసుకుంటది. గురువే తెంపిందంట, మనదేముందిలే అనుకుంటది."

నాడె వదిలి కత్తెర తీసుకుంది. పడుగును ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసేసింది. మళ్లీ మగ్గానికి కట్టాలంటే రెండు రోజుల పని.

"నా చేత్తో నేనే తెంపుకుంటా. మీ చల్లగాలికి మాత్రం ఒక్కటీ తెగనివ్వను."

ఆ జానెడు బట్టని ప్రొఫెసర్ చేతిలో పెట్టింది.

"ఇది ఉంచుకోండి. ఇందులో ముడి దొరికిన రోజు కబురు పెట్టండి. వచ్చి, మీరు చెప్పినట్టే ఏసీలో నేస్తా."