బందరులో అంకె లేని బోర్డు

గుడివాడ నుంచి బందరు మీదుగా దివిసీమ వెళ్లాలనుకునేవాళ్లు ఈ మధ్య నన్ను దారి అడుగుతున్నారు. మొన్న కార్తీకంలో నేను ఆ దారిన వెళ్లొచ్చానని మిల్లులో అందరికీ తెలుసు. ఎందుకు వెళ్లానో మాత్రం కొద్దిమందికే తెలుసు. సరదాకి వెళ్లిన ప్రయాణం కాదది. అయినా దారి దారే కాబట్టి, అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

మా మావయ్య వెంకట్రామయ్య బందరులో బోర్డులు రాసేవాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు, ఇంట్లో అందరికీ చంటి. పెద్ద రోడ్డు బందరు ఊళ్లో వీధివీధికీ మలుపులు తిరిగి, ఆ తర్వాత బెజవాడ వైపు పోతుంది. కొత్త లారీ డ్రైవర్లు మలుపు తెలియక సందుల్లో దూరి ఇరుక్కుపోతున్నారు. అందుకని ఆ రోడ్డు సాగే వీధులన్నింట్లోనూ, వీధి పేరున్న రేకు మీదే, పేరు కింద రోడ్డు నంబరు తొమ్మిది కూడా రాయించారు. ఆ పని మావయ్యకి వచ్చింది. నాకు ఆ ఏర్పాటు బొత్తిగా నచ్చలేదు. ఉన్నదే జానెడు రేకు, సగం అంకెకి పోతే పేరు ఒక మూల ముడుచుకు కూర్చోవాలి. ఆ మాటే మావయ్యతో అంటే నవ్వాడు. "ఊళ్లోవాడికి పేరు చదవాల్సిన పనేముందిరా, పుట్టినప్పట్నుంచీ తెలిసిందే. కొత్తగా వచ్చినవాడికి పేరు తెలిసి మాత్రం ఏం లాభం? అంకె పట్టుకుంటే ఊరు దాటతాడు" అన్నాడు.

ఆ అంకె వల్ల మొదట బాగుపడింది లారీ డ్రైవర్లు కాదు, మా అమ్మ. అమ్మకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. చిన్నప్పుడు దివిసీమలో, హంసలదీవి దగ్గరి పల్లెలో, బడి నుంచి వచ్చిన తమ్ముడు అరుగు మీద బొగ్గుతో రాసి నేర్పించాడట. అక్షరాల దాకా వచ్చేసరికి అమ్మకి పెళ్లయిపోయింది. దసరాకి గుడివాడ వచ్చినప్పుడు మావయ్య ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. "అక్కా, మేం ఇల్లు మారాం. ఈసారి వస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. బస్టాండులో దిగి తొమ్మిది అంకె ఉన్న బోర్డులు చూసుకుంటూ వచ్చెయ్. ఇంకా చివర్లో రెండు మూడు రాయాలి. అంకె లేని బోర్డు కనపడితే అక్కడే నిలబడు. నేనే వచ్చి తీసుకెళ్తా." అమ్మ వేలితో గాల్లో తొమ్మిది రాసి చూపించింది. "బావిలో పడ్డ చేద తీసే కొక్కెంలా ఉంటుంది, అదేగా?" అంది. అదేనన్నాడు. అప్పటికే దగ్గుతున్నాడు.

ముసురు పట్టిన ఒక పొద్దున బందరు బస్సు కండక్టరు మా మిల్లుకి వచ్చాడు. మా వైపు కబుర్లు ఉత్తరాలకంటే కండక్టర్ల నోటనే ముందు చేరతాయి. నన్ను ధాన్యం బస్తాల వెనక్కి పిలిచి మెల్లగా చెప్పాడు. "వెంకట్రామయ్యగారు తెల్లారుజామున పోయారండి. పొద్దుగూకేలోపు తీసేస్తారంట. అమ్మగారికి దారిలో చెప్పొద్దన్నారండి, ఒంట్లో బాగోలేదని మాత్రం చెప్పి తీసుకురమ్మన్నారు." నేను ఇంటికి వెళ్లి అంతే చెప్పాను. అమ్మ నా మొహం కూడా చూడలేదు. అటక మీది జాడీ దింపి, పాత చింతకాయ పచ్చడి చిన్న జాడీలోకి తీసి గుడ్డ కట్టింది. "పథ్యానికి ఇది తప్ప వాడికేదీ దిగదు" అంది. వద్దని ఎలా చెప్పను? ఆ జాడీని నేనే చేత్తో పట్టుకుని బస్టాండు దాకా నడిచాను.

రైలు అప్పటికే వెళ్లిపోయింది. పన్నెండు దాటాక బస్సు దొరికింది. టిక్కెట్టు మనిషికి రూపాయి మీద కొంచెం. గుడ్లవల్లేరు, కౌతారం మీదుగా పెడన, అక్కడి నుంచి బందరు. ఏ ఆటంకమూ లేకపోతే గంటన్నర ప్రయాణం. ముసురు లేని రోజుల్లో వెళ్లేవాళ్లకి ఆ దారి పొడుగునా చేలు, కాలవలు చూడముచ్చటగా ఉంటాయి. మేం వెళ్లిననాడు వరి నీళ్లలో పడుకుని ఉంది, ఆకాశం మసిగుడ్డలా ఉంది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా తమ్ముడి గురించే చెప్పింది. వాడు నయమయ్యాక ఈసారి ముగ్గురం కలిసి హంసలదీవి వెళ్దామంది. నేను ఊ కొడుతూ కూర్చున్నాను. అలా ఊ కొట్టడం ఎంత కష్టమో కొట్టినవాడికే తెలుస్తుంది.

పెడన చేరాక బస్సు టైరు పేలింది. మారుద్దామని విప్పితే బస్సులో ఉంచిన రెండో టైరూ పనికిరాదని తేలింది. ఎవరో సైకిలు మీద బందరు వెళ్లి ఇంకోటి తేవాలట. జట్కా చూసుకుంటామంటే డ్రైవరు ఒప్పుకోలేదు. "జట్కా ఎందుకండీ, అరగంటలో బయల్దేరిపోతాం" అన్నాడు. అరగంటయ్యాక మళ్లీ అదే మాట. బస్సు డ్రైవర్ల అరగంట మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు, అయినా ఎందుకో ఆ రోజు నమ్మాను. పొద్దు ఎంత ఉందో చూద్దామంటే మబ్బులో సూర్యుడే కనపడడు.

రోడ్డు పక్క హోటల్లో అమ్మకి టీ ఇప్పించాను. ఊళ్లో మగ్గాల చప్పుడే లేదు. అద్దకం గుడ్డలు ఆరేసే చోట ఒట్టి దండేలు వేలాడుతున్నాయి. అదేమిటని అమ్మ అడిగితే వంటాయన పొయ్యి ఊదుతూ చెప్పాడు. "మగ్గం గుంటల్లోకి నీళ్లొచ్చేసినాయమ్మా. నేతగాళ్లకి పనిలేదు, వాళ్లు తినకపోతే నాకూ పనిలేదు." ఆ తర్వాత ఎక్కడికి వెళ్తున్నామని అడిగాడు. అమ్మ తమ్ముడి పేరు చెప్పింది. ఆయన మొహం వెలిగింది. "బోర్డుల వెంకట్రామయ్యగారాండి? ఈ పైన బోర్డు ఆయన రాసిందేనండి. మొన్నామధ్య ఇటొచ్చినప్పుడు బాగా దగ్గారు. మందు తీసుకోమని నా మాటగా చెప్పండమ్మా." కబురు ఇంకా ఇక్కడిదాకా రాలేదని నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ బయటికి వెళ్లి, ముసురులో తల మీద కొంగు కప్పుకుని, ఆ బోర్డుని చాలాసేపు చూసింది. చదవలేదు, చూసిందంతే.

బందరులో దిగేసరికి కొట్లలో దీపాలు పెడుతున్నారు. రిక్షావాడు వచ్చి "ఏ వీధండీ?" అన్నాడు. వీధి పేరు నాకు తెలియదు. బోర్డుల వెంకట్రామయ్యగారి ఇల్లని అడిగితే ఎవరైనా చెప్తారు. కానీ చెప్పేవాడు ముందు ఏ మాటంటాడో నాకు తెలుసు. అమ్మ పక్కనే నిలబడి ఉంది. "అక్కర్లేదులే" అన్నాను. అమ్మకి అదేమీ వింతగా అనిపించలేదు. "మనకి రిక్షా ఎందుకురా, వాడు దారంతా రాసిపెడితే" అని ముందు నడిచింది.

ఎప్పుడు బయటికి వెళ్లినా అమ్మ నా వెనకే నడుస్తుంది. ఆ రోజు మాత్రం నేను ఆమె వెనక నడిచాను. ప్రతి మలుపులోనూ గోడకి నీలం రేకు, పైన చిన్న అక్షరాలతో వీధి పేరు, కింద తెల్లని గడిలో నల్లగా తొమ్మిది. ఆ అంకె తోక కొసని కొద్దిగా పైకి లాగడం మావయ్యకి అలవాటు. అమ్మ ఒక్కొక్క రేకు కింద ఆగి, తల పైకెత్తి, "ఇదిగో" అని మళ్లీ నడిచేది. నేను పేర్లు చదువుతూ ఆమెకంటే నెమ్మదిగా వచ్చాను. పేరు చిన్నదైపోయిందని మావయ్యతో వాదించినవాణ్ని, ఆ సాయంత్రం ఒక్క పేరు కూడా నాకు ఉపయోగపడలేదు.

ఒక మూల మీద అమ్మ ఆగిపోయింది. అక్కడి రేకు మీద దర్జీల వీధి అని పేరుంది. కింద తెల్లగడి గీసి ఉంది. గడిలో ఏమీ లేదు.

"అంకె లేదురా" అంది అమ్మ. "ఇక్కడే నిలబడమన్నాడు."

"మావయ్యకి ఒంట్లో బాగోలేదు కదే, ఎలా వస్తాడు? పద, ఎవరినైనా అడుగుదాం" అన్నాను. నిజానికి ఇంకేం చేయాలో తోచలేదు. ఇల్లు ఎటుందో తెలియదు. చీకటి పడితే అమ్మకి తమ్ముడి మొహం కూడా మిగలదు.

"వాడు రాకపోతే ఎవర్నో ఒకర్ని పంపిస్తాడు. చెప్పిన మాట తప్పడు" అని జాడీ నా చేతిలోంచి తీసుకుని, గోడ పక్క రాతి మీద కూర్చుంది.

ఎదురుగా దర్జీ కొట్టుంది. నేను ఒక్కణ్నే వెళ్లి అడుగుదామని రోడ్డు దాటుతుంటే మూల పక్కనున్న సందు లోపలి నుంచి శంఖం వినిపించింది. వెనకే డప్పులు. ముందు నిప్పుకుండ పట్టుకుని మావయ్య కొడుకు సాంబు బావ వస్తున్నాడు, తడి పంచెతో. వెనక పాడె. మూల దగ్గరికి రాగానే పాడె దించారు. శ్మశానానికి సగం దారిలో అలా దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఎక్కడైనా కాస్త ప్రాణం ఉంటే లేస్తారేమోనని. దింపుడు కళ్లం అంటారు. ఆ సందువాళ్లకి దింపుడు కళ్లం ఎప్పుడూ ఆ మూలేనట, నంబరు రాకముందు నుంచీ. బెజవాడ వైపు పోయే లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టలేదు, ఇంజను ఆపేసి తలగుడ్డ తీశాడు.

బావ వంగి "నాన్నా" అని మూడుసార్లు పిలిచాడు. తలెత్తేసరికి బోర్డు కింద అమ్మ కనిపించింది. "అత్తా" అన్నాడు. "ఇంక రాలేరేమో అనుకున్నాం అత్తా."

అమ్మ లేచింది. జాడీ జాగ్రత్తగా రాతి మీద పెట్టి, కొంగు సర్దుకుని వచ్చింది. పాడె మోసేవాళ్లలో ఒక పెద్దాయన "ఆడవాళ్లు ఇక్కడికి రాకూడదమ్మా" అన్నాడు. ఎవరూ ఆయన మాట పట్టించుకోలేదు. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని మావయ్య చెవి దగ్గర వంగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"చంటీ, వచ్చాన్రా. నువ్వు నిలబడమన్నచోటే నిలబడ్డాను."

వాన తుంపర మావయ్య నుదుటి మీద పడితే కొంగుతో తుడిచింది. తర్వాత తనంతట తనే లేచి పక్కకి తప్పుకుంది. నేను పాడెకి భుజం పట్టాను. దర్జీ కొట్టు ఆవిడ వచ్చి అమ్మని మావయ్య ఇంటికి తీసుకెళ్లింది.

అస్థికలు కలపడానికి హంసలదీవి వెళ్లాం, అమ్మా, బావా, నేనూ. దివిసీమ వెళ్లాలనుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా చూసుకోవాలి. దర్జీల వీధి మూల దాకా తొమ్మిది అంకె వెంట రావచ్చు, ఆ తర్వాత కూడా దాన్నే పట్టుకుంటే బెజవాడ పోతారు. అక్కడి నుంచి ఉల్లిపాలెం రేవుకి జట్కా మాట్లాడుకోవాలి. రేవులో పడవకి మనిషికి అణా అడుగుతాడు, నయాపైసల్లో ఇస్తే నాలుగుసార్లు లెక్క చూసుకుంటాడు. అవతల భావదేవరపల్లి, ఆపైన కోడూరు మీదుగా బండి. వానలకి ఇరుసుదాకా బురద, పూట పడుతుంది. పడవ ఎక్కేముందు అమ్మ ఒడ్డునున్న గుంజలన్నీ వెతికి చూసి, "ఈ రేవుకి అంకె లేదా?" అని పడవాయన్ని అడిగింది. "నీళ్లకి అంకెలెక్కడియి తల్లీ" అన్నాడాయన, గడ వేస్తూ. బావ అస్థికల ముంత ఒళ్లో పెట్టుకుని మొహం తిప్పుకున్నాడు. ఏటి మధ్యకి వచ్చాక అమ్మ నన్ను అడిగింది.

"నీకు పొద్దున్నే తెలుసా?"

"తెలుసమ్మా."

కోప్పడుతుందనుకున్నాను. అమ్మ నీళ్ల వైపే చూస్తూ అంది. "చెప్పకపోవడమే మంచిదయింది. తెలిసుంటే నాకు అంకెలు కనపడేవి కావు."

చాలా దారులు తిరిగాను, దారి చూపించే రాతలు చాలా చదివాను. రాసినవాడు లేకపోయినా రాత మనల్ని చేర్చాల్సిన చోటికి చేరుస్తుందన్నది నాకు ఊరట కాదు. చేర్చింది కాబట్టి దుఃఖం ఇంకాస్త ఎక్కువగానే ఉంది. ఆ గడిలో అంకె ఉండి ఉంటే మేం ఆగకుండా దర్జీల వీధి వెంట ముందుకి వెళ్లిపోయేవాళ్లం, పాడె మా వెనకనుంచి వెళ్లిపోయేది. మావయ్య పూర్తి చేయలేకపోయిన ఆ ఒక్క బోర్డే అమ్మని తమ్ముడి దగ్గర నిలబెట్టింది. మొన్న మాసికానికి వెళ్లినప్పుడు చూస్తే ఆ గడిలోనూ తొమ్మిది వచ్చేసింది, బావ రాశాడు. తోక మామూలుగానే ఉంది. అమ్మ దాని కింద ఆగలేదు.

ఆ దారిన వెళ్లేవాళ్లకి ఒక్కటే చెప్తాను. బందరు నుంచి ఎవరైనా మీవాళ్లకి ఒంట్లో బాగోలేదు, చూసి వెళ్లమన్నారని కబురు తెస్తే రెండో బస్సు కోసం ఆగకండి. దారిలో బస్సు చెడి, అరగంటలో బయల్దేరతామని డ్రైవరు అంటే, వెంటనే దిగి జట్కా చూసుకోండి.