అంజిలయ్య జాబితా

కోస్గి కబడ్డీ జట్టుల ఎవరుండాలె, ఎవరు పోవాలె అని రాసేది ఎరువుల దుకాణం అంజిలయ్య. ఒక్కొక్కరి పేరు పక్కన వయసు రాసుకొని, కండ్లద్దాలు నెత్తిమీదికి నెట్టి, యూరియాకు వచ్చిన రైతులకు సుత చదివి వినిపిస్తడు. "ముప్పై దాటినోని కాలు, ఎండకాలం బోరు ఒక్కటే. ఎప్పుడు ఆగుతదో తెల్వదు" అంటడు. ఆయనకు నలభై రెండు. ఆయన పేరు పక్కన మాత్రం వయసు ఉండదు, కెప్టెన్ అని ఉంటది.

మూడేండ్లు వరుసగ మొదటి ఆటలనే ఓడేసరికి, ఈసారి దసరా పోటీలకు ముప్పై దాటిన నలుగురిని తీసేసిండు. అండ్ల ఆయనతోని పదిహేనేండ్లు ఆడిన బుచ్చన్న ఒకడు. బుచ్చన్న దుకాణంల కూసోని జాబితా అంత నిమ్మలంగ చదివిండు.

"నాకు ముప్పై తొమ్మిదని సరిగ్గనే రాసినవ్ అన్నా. నీ వయసు రాయనీకె జాగా చాలలేదా?"

"పిల్లలకు చెప్పెటోడు ఒకడు ఉండాలె గద."

"చెప్పనీకె గీత లోపలికే రావాల్నా?"

అంజిలయ్య త్రాసు పళ్లెం తుడిచిందే తుడుసుకుంట కూసున్నడు.

పోటీనాడు పొద్దుగాల అంజిలయ్య పోటీ పెట్టినోళ్లకు జాబితా ఇచ్చినప్పుడు, అండ్ల ఆయన పేరు కొట్టేసి ఉన్నది. దాని మీద ఆయన రాతతోనే బుచ్చన్న పేరు. మొదటి ఆట ఆఖరి నిమిషంల అవతలి జట్టు కూతగాన్ని బుచ్చన్న మడిమె పట్టి ఆపిండు. కోస్గి రెండు పాయింట్లతోని గెలిచింది. "పెద్ద వయసోడు ఒకడు ఉండాలని నేను ముందే అనుకున్న" అని అంజిలయ్య పక్కోళ్లకు చెప్పిండు. అందరు బుచ్చన్నను భుజాల మీదికి లేపుతుంటే, అంజిలయ్య పక్కకు పోయి, ప్యాంటు లోపల కట్టుకొచ్చిన మోకాలి పట్టీలు విప్పుకున్నడు.